చలిగదిలో దాచినవి

కిందటి వారం కథ ఆగేసరికి నాహిద్ మిషన్ల గది తలుపు తీసి గుమ్మంలోనే ఆగిపోయింది. బయట తిరువూరు ఎండకి రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. లోపలేమో మంచు. మోకాళ్ల ఎత్తున, పొంగబోయే పాల మీద తేలే ఆవిరిలాగా నెమ్మదిగా కదులుతోంది. ఆ తెలుపులో రెండు కొత్త పెట్టెల దీపాలు పచ్చగా మిణుకుమంటున్నాయి. వాటి వెనకాల, గోడకున్న చెక్కరెక్క పట్టుకొని ఎవరో నిలబడి ఉన్నారు.

కిందటి భాగాలు చదవనివాళ్లకి నాలుగు ముక్కలు. విస్సన్నపేట రోడ్డులో చంద్రశేఖరం గారి కోల్డ్ స్టోరేజి ఉంది. వేసవిలో మామిడి, తతిమ్మా కాలం మిర్చి. దానితోపాటు పత్తి మిల్లు, ఊళ్లో దుకాణాలు. అన్నిటి లెక్కలూ, కాటా చీటీలూ, చాంబర్లలో చలి ఎంతుందో చెప్పే అంకెలూ, గేటు కెమెరా బొమ్మలూ వచ్చి చేరేది నాహిద్ చూసుకునే ఈ గదిలోకే. ఇక్కడి సర్వర్లు ఆలోచిస్తాయి, పక్కనున్న డిస్కుల పెట్టె గుర్తుపెట్టుకుంటుంది. కిందటి వానాకాలం ఆ గుర్తుపెట్టుకునే పెట్టె చచ్చిపోయింది. ఏసీ నీళ్లు కారి తడిసిందనీ, చూసుకోవలసింది నాహిదేననీ చంద్రశేఖరం గారి కొడుకు మురళీకృష్ణ నలుగురిలో అన్నాడు. లెక్కలకి వేరేచోట నకలు ఉంది కాబట్టి వ్యాపారం ఆగలేదు. మాట మాత్రం మామిడికాయ మీద సొన మచ్చలా ఆమె మీద ఉండిపోయింది.

ఇప్పుడు కొత్త పెట్టె ఎంచాలి. విజయవాడ నుంచి డానీ అనే కంపెనీల మనిషి రెండు పెట్టెలు వ్యానులో తెచ్చి, నడిపి చూసుకోమని బిగించి వెళ్లాడు. ఈవేళ మళ్లీ వచ్చి ఆఫీసులో టీ తాగుతున్నాడు. పొద్దు వాలేలోగా ఒకటి ఉండిపోతుంది, ఒకటి వెనక్కి పోతుంది. నాహిద్ ఎంచినది ఈసారి కూడా నిలవకపోతే గదికి తాళం వేసి, అంతా హైదరాబాదులో అద్దె మిషన్ల మీదికి మార్చేస్తానని మురళీకృష్ణ చెప్పేశాడు. గదికి తాళమంటే ఆమె ఉద్యోగానికి తాళమే.

ఇక మంచులో నిలబడ్డ మనిషి సంగతి. ఆయన చంద్రశేఖరం గారే.

తెల్లపంచె మంచులో కలిసిపోయి, నడుం పైభాగం ఒక్కటే గాలిలో తేలుతున్నట్టు కనిపించాడు. నాహిద్‌ను చూసి దొంగతనంలో పట్టుబడ్డవాడిలా కంగారు పడలేదు. చంటిపిల్ల నిద్రపోతుంటే ఇంట్లోకి వచ్చినవాళ్లకి చేసినట్టు, చప్పుడు చెయ్యొద్దని వేలు పైకెత్తాడు.

"కరెంటు పోయింది కదమ్మా," అన్నాడు. "నీ ఏసీ ఆగింది. ఇవి మాత్రం బ్యాటరీ మీద తిరుగుతూనే ఉన్నాయి. చెయ్యి వేసి చూశాను. జ్వరం తగిలినట్టు కాలిపోతున్నాయి."

నాహిద్ వెళ్లి చెక్కరెక్క మూసింది. మూస్తుంటే చలి ఆమె మణికట్టు మీద నుంచి వాగునీళ్లలా జారింది. బంగినపల్లి పచ్చికాయల వాసన. ఈ గది ఒకప్పుడు కాయలు గ్రేడింగు చేసే గది. గోడకి అవతల నాలుగో చాంబరు. ట్రేలు అటూ ఇటూ అందించుకోవడానికి పెట్టిన కిటికీ ఇది. సర్వర్లు తెచ్చినప్పుడే దీన్ని మూసేశారని ఆమె ఇన్నాళ్లూ అనుకుంటోంది. కిటికీ కింద నేల మీద మేకులు పడి ఉన్నాయి. తుప్పు లేని కొత్త మేకులు. పక్కన పటకారు.

ఎవరో మేకులు కొట్టేశారనీ, పీకేసరికి తలప్రాణం తోకకొచ్చిందనీ పెద్దాయన చిన్నగా ఫిర్యాదు చేశాడు.

ఎన్నాళ్లుగా ఇలా తీస్తున్నారని ఆమె అడిగింది. ఆయన దాచలేదు. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడల్లా అన్నాడు. ఇంటావిడ కోటేశ్వరమ్మ పోయిన దగ్గరనుంచీ అన్నాడు. పాత పెట్టె ఉన్నప్పుడైతే వానాకాలంలో కూడా తీసేవాడినన్నాడు. అందులో ఆవిడ ఉంది కదా, అన్నాడు.

పాత పెట్టె తడిసింది ఏసీ నీళ్లకి కాదని నాహిద్‌కి అప్పుడు తట్టింది.

ఆవిడ కెమెరా బొమ్మలు అందులో తీసి పెట్టింది తనే. కోటేశ్వరమ్మ గారు బతికున్నన్నాళ్లూ మధ్యాహ్నం సరుకు మోసే ముఠా వాళ్లకి మజ్జిగ బిందె పట్టించుకొని గేటు దాకా వచ్చేది. వాళ్లకి పోయించాక గేటు కెమెరా కింద నిలబడి పైకి చూసేది. ఆఫీసులో టీవీ ముందు మొగుడు కూర్చొని ఉంటాడని ఆవిడకి తెలుసు. కుడిచెయ్యి అయిదువేళ్లూ కలిపి నోటి దగ్గర ఒకసారి ఆడించేది. అన్నానికి రా అని. ఫోనుండీ ఏనాడూ ఫోను చెయ్యలేదు. ఈయన లేచి వెళ్లేవాడు. అంతే వాళ్ల మాటలు. ఆవిడ పోయాక నాహిద్ ఆ బొమ్మలన్నీ ఏరి, పాత పెట్టెలో ఒక మూల పెట్టింది. మధ్యాహ్నాలు పెద్దాయన ఈ గదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. శబ్దం లేని ఆ తెర మీద ఆవిడ వచ్చేది, పైకి చూసేది, చెయ్యి ఆడించేది. ఒక్కోసారి గాలికి కొంగు ముందు వచ్చి మొహం వెనక వచ్చేది. చూసి చూసి ఆయన లేచి, నిజంగానే అన్నానికి వెళ్లేవాడు.

పెట్టె పోయినప్పుడు ఆవిడా పోయింది. లెక్కల నకలులో ఆ బొమ్మలకి చోటు లేకపోయింది. వచ్చే సీజనుకి చూద్దాంలే అన్నారు, చూడలేదు.

"కాయ చల్లగా ఉంటే చెడదు," అన్నాడు చంద్రశేఖరం. "నా బతుకంతా చేసింది అదే కదమ్మా. చెడేదాన్ని చల్లగా పెట్టడం. ఆవిడ ఆ పెట్టెలో ఉందన్నావు. చల్లగా చూసుకుందామనుకున్నాను."

నాహిద్ కొత్త పెట్టెల వంక చూసింది. తెల్ల పెట్టెలో చక్రం తిరిగే డిస్కు ఒక్కటీ లేదు, అంతా చిప్పులే. కోరిన లెక్క రెప్ప వెయ్యకముందే తెర మీద ఉంటుంది. పత్తి మిల్లులో బిల్లు కోసం రైతులు వరుస కట్టకుండా పోతారని పొద్దున దాన్నే ఖాయం చేసుకుంది. నల్ల పెట్టెది కాస్త నిదానం. దానికి రెండు మెదళ్లు, ఒకటి పడుకుంటే రెండోది అందుకుంటుంది. ముందు వైపు సగం గూళ్లు ఖాళీ. పైగా చచ్చిపోయిన పాత పెట్టె కంపెనీదే. ఆ పేరు తలుచుకుంటేనే ఆమెకి వెగటు. నిన్న పెద్దాయన రెంటినీ చూసి, తెల్లదానికి ఖాళీ ఏదమ్మా అని అడిగాడు. ఏ చాంబరునీ ఆయన అంచుదాకా నింపనివ్వడు. చెప్పకుండా వచ్చే లారీకి ఎప్పుడూ ఒక వరుస వదిలి ఉంచుతాడు. ఆ మాటకి తను నవ్వేసింది.

ఇప్పుడు నవ్వు రాలేదు. తెల్లదైనా నల్లదైనా ఈ కిటికీ ఇలా తెరుచుకుంటూ ఉంటే వచ్చే వానాకాలం దాటదు. ఆ సంగతి చెప్పకపోతే ఈసారి మచ్చతో పోదు, గదే పోతుంది. చెప్పాలంటే, ఈ మనిషికి ఆవిడ్ని చెరిపేసింది నీ చెయ్యేనని చెప్పాలి. అడకత్తెరలో పోకచెక్కలా ఆమె మనసు నలిగింది. పోనీ కిటికీకి ఇటుకలు పెట్టించి ఊరుకుందామా అనుకుంది. ఎందుకమ్మా అంటే ఏమని చెబుతుంది? ఆ కళ్లకి అబద్ధం చెప్పడం తన వల్ల అయ్యే పని కాదు.

మంచు నేల మీదికి దిగి, బల్లకాళ్లకి చుట్టుకొని మెల్లగా మాయమైంది. గది మళ్లీ ఉక్కబోతలోకి వచ్చింది. నాహిద్ చూస్తుండగానే నల్ల పెట్టె మీద కప్పు మసకబారింది. సన్నటి చుక్కలు లేచాయి. చుక్కా చుక్కా కలిసింది.

ఆమె ఆయన చెయ్యి పట్టుకోలేదు, మాటతోనే దగ్గరికి పిలిచింది. "పెద్దయ్యగారూ, ఒకసారి దీని మీద వేలు పెట్టి రుద్దండి."

ఆయన రుద్దాడు. వేలు వెంట తడి గీత పడింది. వేలి కొసన చుక్క నిలిచింది. దాన్ని వెలుతురులోకి ఎత్తి చాలాసేపు చూశాడు.

కాయలతో బతికినవాడికి ఆ చుక్క సంగతి ఒకరు చెప్పాలా? చాంబరులో కాయని నేరుగా ఎండలోకి తెస్తే చెమట పడుతుంది. చెమట పట్టిన కాయ నిలవదు, మచ్చ తేలి కుళ్లుతుంది. అందుకే ఈ స్టోరేజిలో ఏ ట్రే అయినా మధ్య నడవలో ఆగాలి, చెమట ఆరాకే బయటికి కదలాలి. ఆ పద్ధతి పెట్టింది ఈయనే. తొందరపడి ట్రే బయటికి లాగిన ముఠా వాళ్లని ఈయన తిట్టిన తిట్లు బస్టాండు దాకా వినపడేవని చెప్పుకుంటారు.

"ఇనుముకి చెమటేంటమ్మా," అన్నాడు. అడిగినట్టు లేదు. తనకి తనే చెప్పుకున్నట్టు ఉంది.

తర్వాత స్టూలు మీద కూర్చున్నాడు. పాత తెర ఉండే చోట ఇప్పుడు ఖాళీ గోడ ఉంది. ఆ గోడనే చూస్తూ కూర్చున్నాడు. నాహిద్ చున్నీ కొసతో పెట్టెల మీద తడి అద్దుతూ నిలబడింది. చెప్పడం అయిపోయింది. ఒక్క మాట కూడా చెప్పకుండానే అయిపోయింది. కరెంటు వచ్చింది. ఏసీ గొంతు సవరించుకున్నట్టు గరగరలాడి మొదలైంది.

"అయితే నిన్ను ఊరికే అన్నారు," అన్నాడాయన గోడ మీంచి చూపు తిప్పి.

పోనివ్వండి అంది నాహిద్.

"పోనివ్వడానికి పోయిన పేరు నాది కాదు, నీది." ఆగాడు. "ఆ పాత పెట్టెలో డిస్కులు ఏమైపోయాయన్నారు నీతో?"

తుక్కువాళ్లకి ఇచ్చేశామని చిన్నయ్యగారు చెప్పారంది. చూసే వీలు కూడా తనకి లేకపోయిందంది. పోయింది పెట్టె వెనకాల ఉండే పలక, దాని మెదడు. డిస్కులు పోయాయో బతికాయో ఎవరూ చూడనేలేదు.

చంద్రశేఖరం లేచి పంచె సర్దుకున్నాడు. "నాతో రా."

నాలుగో చాంబరు తలుపు బరువుగా తెరుచుకుంది. లోపల ట్రేల గోడలు పైకప్పు దాకా. వాటి మధ్య మనిషి పట్టేంత దారి. ఫ్యాన్ల హోరు దూరంగా వాన పడుతున్నట్టు ఉంది. పచ్చికాయలు చీకట్లో ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది అక్కడ. మాట్లాడితే మాట తెల్లగా కనపడుతుంది. పెద్దాయన ముందు నడిచాడు. ఎక్కడ వంగాలో, ఎక్కడ పక్కకి తిరగాలో ఆయన కాళ్లకే తెలుసు. చివరి వరుస ఖాళీగా ఉంది. చెప్పకుండా వచ్చే లారీ కోసం వదిలే వరుస. దాని మూలన గోనెపట్టా కప్పిన ట్రే ఒకటి.

పట్టా తీశాడు. వరిగడ్డి. గడ్డిలో, గుడ్లు పొదగేసినట్టు వరుసగా, మిర్చి శాంపిళ్లు పెట్టే పాలిథిన్ కవర్లు. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క డిస్కు. కవరు మూతి కొవ్వొత్తి మంటకి కరిగించి అతికించి ఉంది. శాంపిలుకి చెమ్మ తగలకుండా ఇక్కడ అలాగే చేస్తారు.

తుక్కు బండి వచ్చిన రోజున వెనక షెడ్డులోంచి ఏరుకొచ్చానన్నాడు. ఏం చెయ్యాలో తెలియలేదన్నాడు. "పాడైపోయినవే అనుకున్నాను. అయినా బయట పెడితే ఇంకా పాడవుతాయి కదా అని," అంటూ గడ్డి సర్దాడు.

నాహిద్ ఒక కవరు చేతిలోకి తీసుకుంది. ఐసు ముక్కలా ఉంది. తలుపు వెలుతురుకి ఎత్తి చూసింది. కవరు లోపల చుక్క చెమ్మ లేదు. చంపిన చెయ్యే, తెలియకుండా, బతికించే పని కూడా చేసి పెట్టింది. ఆమెకి డానీ మొదటి రోజు వాగిన వాగుడులో ఒక మాట తటాలున గుర్తొచ్చింది. ఈ నల్లదీ మీ పాతదీ ఒకే కొలిమిలోవి మేడమ్, పాత డిస్కులుంటే ఖాళీ గూళ్లలో పెట్టగానే గుర్తుపడుతుంది, అన్నాడు. ఉంటే కదా అని తనే నవ్వేశాడు కూడా. తెల్లదానికి ఆ గుర్తు లేదు. గుర్తున్నా పెట్టే చోటు లేదు.

ఉండిపోవలసింది నల్లదే. ఏ పెట్టె అన్నది ఇక లెక్క చూసి తేల్చేది కాదు.

"బతికి ఉంటాయంటావా?" అన్నాడాయన.

"చెప్పలేనండీ. పెట్టి చూడాలి." అని కవరు మూతి మీద గోరు పెట్టబోయింది.

ఆయన చెయ్యి అడ్డం వచ్చింది. "ఇక్కడ కాదు. బయటా కాదు. నడవలో పెట్టు. చెమట ఆరనీ."

నాహిద్ నవ్వింది. ఈవేళ అదే మొదటి నవ్వు.

ట్రేని ఇద్దరూ చెరోపక్కా పట్టుకొని నడవలోకి తెచ్చారు. చలికీ ఎండకీ మధ్య ఉండే చోటు అది. అటు తలుపు సందులోంచి చల్లగాలి, ఇటు గుమ్మంలోంచి తెల్లటి ఎండ. మధ్యలో ఏ కాలమూ కాని ఒక కాలం. బల్ల మీద గోనె పరిచి కవర్లు పక్కపక్కనే పేర్చారు. పేర్చిన కాసేపటికే అన్నిటి మీదా పైన చెమట పట్టింది. లోపల పొడిగానే ఉంది. పెద్దాయన గోడకి ఆనుకొని కింద కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. కుడిచేతి వేళ్లు, ఆయనకి తెలియకుండానే కాబోలు, ఒకసారి దగ్గరకొచ్చాయి.

నాహిద్ కవర్లు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. పాత పెట్టెలో పన్నెండు ఉండేవి. ఇక్కడ పదకొండే ఉన్నాయి.

ట్రే గడ్డంతా దులిపింది. లేదు. షెడ్డులో దొరికినవి ఇంతేనని పెద్దాయన కళ్లు తెరిచి అన్నాడు. పన్నెండో గూడు అప్పటికే ఖాళీగా ఉందన్నాడు. ఒకటి తక్కువైతే పరవాలేదని ఆమె ధైర్యం చెప్పింది. ఆ పెట్టెలు అలా అల్లినవే, ఒకటి లేకపోయినా మిగిలినవి దాని మాట చెబుతాయి. రెండోది కూడా జవాబివ్వకపోతే మాత్రం ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఇన్నాళ్లు చలిలో ఉన్న పదకొండింట్లో ఒక్కటైనా పోయి ఉండదని ఎవరు చెప్పగలరు? ఆ పన్నెండోది ఉంటేనే నమ్మకం. చెబుతూ చెబుతూ ఆమె గొంతు తగ్గిపోయింది.

"పన్నెండోది నా బీరువాలో ఉంది."

గుమ్మంలో మురళీకృష్ణ. వెనకాల ఎండ ఉండటం వల్ల మొహం కనపడటం లేదు. ఏ పెట్టె ఉంచాలో అడగడానికి వచ్చినట్టున్నాడు, డానీ ఇచ్చిన కాగితాలు చేతిలోనే ఉన్నాయి. బల్ల మీద కవర్లని చూశాడు, గోడవార తండ్రిని చూశాడు. లోపలికి ఒక అడుగు వేసి ఆగిపోయాడు.

పరీక్ష చేయించడానికి అప్పట్లో ఒకటి హైదరాబాదు పంపించానన్నాడు. వాళ్లు బాగానే ఉందని తిప్పి పంపారన్నాడు. ఇంకేం చెప్పారో చెప్పలేదు.

నాహిద్ కళ్ల ముందు కిటికీ కింద పడి ఉన్న మేకులు మెరిశాయి. తుప్పు పట్టని కొత్త మేకులు.

"కిటికీకి మేకులు కొట్టింది మీరే కదా సార్." ఆమె గొంతు పెంచలేదు. "అంటే అది కిటికీలోంచి వచ్చిన చెమ్మేనని మీకు తెలుసు. తెలిసే, అందరిలో ఏసీ నీళ్లన్నారు. నా పేరు చెప్పారు."

మురళీకృష్ణ ఆమె వంక చూడలేదు. తండ్రి వంకే చూస్తున్నాడు. ఏదో చెప్పబోయి పెదవి తడుపుకున్నాడు. బల్ల మీద ఒక కవరు మీంచి చెమట చుక్క జారి గోనెలో ఇంకిపోయింది.

చంద్రశేఖరం గోడ పట్టుకొని లేచాడు. మోకాళ్లకి అంటుకున్న వరిగడ్డి దులుపుకున్నాడు.

"చెప్పరా మురళీ," అన్నాడు. "ఆ అమ్మాయికి చెప్పాల్సింది తర్వాత చెబుదువుగాని. ముందు నాకు చెప్పు, పాడు చేసింది నా చెయ్యేనని ఎందుకు దాచావో. నన్ను ఇన్నాళ్లూ నడవలోనే ఉంచావు. చెమట ఎప్పుడో ఆరిపోయింది, ఇక ఎండలోకి తియ్యి."